పరీక్ష పాసయ్యారు సరే, కచేరీ ఎప్పుడు?

విజయనగరంలో 1919లో సంగీత కళాశాల మొదలైంది. కొలువులో పనిచేసే ఒకరి అబ్బాయికి చూపు లేదని, అతనికి సంగీతం నేర్పించాలన్న తలంపుతోనే మహారాజా విజయరామ గజపతిరాజు దాన్ని పెట్టించారని ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ప్రిన్సిపాల్‌గా ఎవరిని కూర్చోబెట్టారన్నది మాత్రం చెప్పుకునే కథ కాదు, చరిత్ర. కాలికి గజ్జె కట్టి, చేత చిడతలు పట్టి, తెల్లవార్లూ జనాన్ని కదలనివ్వకుండా హరికథ చెప్పే ఆదిభట్ల నారాయణదాసు గారిని ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. అదే ఏడాది వయొలిన్ ఆచార్యుడిగా చేరిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి అప్పటికి పాతికేళ్లు. చూపు అంతంత మాత్రం. నేర్చుకున్నది అన్నగారి దగ్గర. విద్యార్థిగా చేరదామని వచ్చిన ఆయన వాయిద్యం విని, దాసుగారు ఏకంగా పాఠం చెప్పే పనికే తీసుకున్నారంటారు. 1936లో నాయుడు గారే ప్రిన్సిపాల్ అయ్యారు.

ఈ రెండు నియామకాల్లో ఏ ఒక్కటైనా ఇవాళ జరుగుతుందా? డిగ్రీలు లేవని దరఖాస్తు పరిశీలన దగ్గరే ఇద్దరూ ఆగిపోతారు. బడి చదువు పెద్దగా సాగని మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ అయ్యారంటే, ఇప్పటి ఉద్యోగార్థులు నమ్మడం కూడా కష్టమే. పాత రోజులన్నీ బంగారమని చెప్పడం మా ఉద్దేశం కాదు. రాజుగారి మాటే నియామకపత్రం అయిన కాలం మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు. కానీ కచేరీ చేయగల పిల్లల్ని తయారుచేసే పని ఎవరి చేతిలో పెట్టాలన్న ప్రశ్నకు ఆ రోజుల్లో ఒక స్పష్టమైన జవాబుండేది. ఇప్పుడు ఆ ప్రశ్న వేసేవాళ్లే లేరు.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ సంగీత కళాశాలల్లో చాలాకాలంగా నడుస్తున్న పద్ధతి 4 ఏళ్ల సర్టిఫికెట్, ఆపైన 2 ఏళ్ల డిప్లొమా. అంటే ఆరేళ్లు. తొలి పాఠమైన సరళీ స్వరాలతో మొదలుపెట్టిన పిల్ల భైరవి రాగంలో కష్టమైన అట తాళ వర్ణం దాకా వస్తుంది, కృతులు పదుల్లో నేర్చుకుంటుంది, రాగ లక్షణాలు అడిగితే గడగడా చెబుతుంది. చివర్లో ప్రాక్టికల్ పరీక్ష. బల్లకు అవతల ఇద్దరు పరీక్షకులు, ఇవతల చాప మీద అభ్యర్థి, పక్కన ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె. పల్లవి ఎత్తుకుని ఇంకా కుదురుకోకముందే ‘చాలమ్మా, చరణం పాడు’ అంటారు. చరణం సగంలో ‘సరే, ఇంకో రాగం చెప్పు’ అంటారు. వెనక వరసలో ఇంకా పాతికమంది ఉన్నారు మరి, వాళ్లను మాత్రం ఏమనగలం? మార్కులు పడతాయి. ఫస్టు క్లాసూ వస్తుంది.

అదే అమ్మాయిని ఊళ్లో త్యాగరాజ ఆరాధన సభలో గంటసేపు పాడమని చూడండి. మొదటి టెన్షన్ మృదంగంతోనే. ఆరేళ్లు తన తాళం తానే వేసుకుని పాడిన పిల్లకు, పక్కనుంచి మరో మనిషి లయ వచ్చి మీద పడుతుంటే చెయ్యి వణుకుతుంది. వర్ణం రెండో కాలంలో పరుగు మొదలవుతుంది. ఆలాపన మధ్యలో వయొలిన్‌కు ఎక్కడ చోటివ్వాలో తెలియదు, ఇచ్చినా ఆయన వాయిస్తుంటే తాను ఎటు చూడాలో తెలియదు. అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడే స్వరకల్పనలో, ఎత్తుగడ తాళం మొదలయ్యే సమానికి కాకుండా కాస్త తర్వాత ముప్పావు దగ్గరుంటే, రెండో ఆవృత్తంలోనే లెక్క తప్పుతుంది. మృదంగం ఒక్కటే వాయించే తని ఆవర్తనం వచ్చేసరికి అసలు కథ. మృదంగం వాయిస్తున్నంతసేపూ తాళం నిలబెట్టాల్సింది గాయకురాలే. ముగింపుగా మూడుసార్లు వాయించే ముక్తాయింపు మూడోసారి పడగానే సరిగ్గా ఎత్తుగడ దగ్గర పాట అందుకోవాలి. ఒక్క మాత్ర అటూ ఇటూ అయితే వేదిక మీద ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మైకు దగ్గరగా పెట్టుకోవాలా దూరంగానా, గొంతు పట్టేస్తే తర్వాతి కృతి ఏది మార్చాలి, ముందు వరసలో పెద్దాయన లేచి వెళ్లిపోతుంటే ఏం చేయాలి... ఇవేవీ సిలబస్‌లో లేవు. ఉండవు కూడా. ఇవి పుస్తకంలో రాసి నేర్పేవి కావు, పదేపదే వేదిక ఎక్కించి నేర్పేవి.

మాకు ఎప్పుడూ అంతుపట్టని సంగతి ఒకటుంది. ఈ కళాశాలల్లో గాత్రం, వయొలిన్, వీణ, మృదంగం విభాగాలు సాధారణంగా ఒకే ఆవరణలో ఉంటాయి. ఒక గదిలో గాత్రం విద్యార్థి శ్రుతి పెట్టెతో పాడుతుంటాడు. గోడ అవతల మృదంగం విద్యార్థి పాట లేకుండా పాఠం వాయిస్తుంటాడు. ఇద్దరూ కలిసేది ఎక్కువగా వార్షికోత్సవం నాడే. ఇద్దరికీ ఎదుటివాడే కావాలి, ఇద్దరూ ఒకే కప్పు కింద ఉన్నారు, టైమ్‌టేబుల్ మాత్రం వాళ్లను కలవనివ్వదు. ఆడపిల్ల ఐదు, ఐదున్నర శ్రుతిలో పాడుతుంది, అబ్బాయి ఒకటో శ్రుతిలో పాడతాడు. శ్రుతిని బట్టి మృదంగం మారాలి, దాన్ని శ్రుతి చేసుకునే సమయం కావాలి, ఇద్దరి ఉపాధ్యాయులూ ఒక గంట ఒకే గదిలో కూర్చోవాలి. ఇదేమంత బ్రహ్మవిద్య కాదు. కాకపోతే దీన్ని తన పనిగా నెత్తినేసుకునే మనిషి ఒకరుండాలి.

పాశ్చాత్య దేశాల సంగీత కళాశాలలు ఈ పనికి విడిగా ఒక పదవే పెట్టుకున్నాయి. ప్రిన్సిపాల్ సంస్థను నడుపుతారు. కచేరీ శిక్షణకు వేరే అధిపతి ఉంటారు. ఏ విద్యార్థి ఎవరితో కలిసి వాయించాలి, ఎవరి ముందు వాయించాలి, బయటి నుంచి ఏ విద్వాంసుణ్ని పిలిచి అందరి ఎదుటా పాఠం చెప్పించాలి అన్నవి ఆ అధిపతి చేతిలో ఉంటాయి. చివరి పరీక్ష కూడా చాలాచోట్ల శ్రోతల ఎదుట చేసే కచేరీయే. పరాయి పద్ధతి మనకెందుకంటారా? 1919లో విజయనగరంలో జరిగింది ఇదే కదా! కాకపోతే దాసుగారి రోజుల్లో ఆ రెండు పదవులూ ఒక్క మనిషిలోనే ఇమిడిపోయాయి. ఇప్పుడు ప్రిన్సిపాల్ పొద్దంతా జీతాల బిల్లులు, తనిఖీలు, కారుతున్న పైకప్పు మరమ్మతుల ఫైళ్లతోనే గడిచిపోతుంది. ఆ మనిషినే సాయంత్రం పిల్లలకు నెరవల్ (పాటలోని ఒకే పంక్తిని రకరకాలుగా అల్లి పాడటం) నేర్పమంటే అన్యాయం. పదవిని రెండు చేయాలన్నది మా అభిప్రాయం.

గొప్పగా పాడేవాళ్లందరూ గొప్పగా నేర్పలేరన్న వాదన ఉంది. నిజమే. తన పాటే తప్ప మరో పాట చెవికెక్కని విద్వాంసులు ఉంటారు. శిష్యుణ్ని తన నీడగా మార్చుకునేవాళ్లూ ఉంటారు. కానీ వేదిక అంటే ఏమిటో ఎన్నడూ ఎరగని మనిషి వేదిక పాఠం చెప్పడం అంతకన్నా పెద్ద సమస్య. మొదటి దానికి పరిష్కారం సరైన ఎంపిక. రెండో దానికి పరిష్కారమే లేదు.

నిబంధనలు ఒప్పుకోవనే మాట కూడా పూర్తిగా నిజం కాదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల్లో సంగీతం, నాట్యం వంటి కళలకు ప్రత్యేకమైన వెసులుబాటు ఉంది. డిగ్రీతో పాటు పేరున్న గురువు దగ్గర శిక్షణ, ఆకాశవాణి లేదా దూరదర్శన్‌లో ‘ఎ’ గ్రేడు, పాఠం విడమరిచి చెప్పే నేర్పు ఉన్న కళాకారులను సహాయ ఆచార్యులుగా తీసుకోవచ్చు. 2022లో తెచ్చిన ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ పద్ధతి మరో అడుగు ముందుకేసింది. 15 ఏళ్ల అనుభవం ఉంటే డిగ్రీ తప్పనిసరి కాదంది. అయితే అది మొత్తం మీద 4 ఏళ్లకు మించని తాత్కాలిక ఏర్పాటు. ఒక విద్యార్థి సర్టిఫికెట్, డిప్లొమా రెండూ పూర్తి చేయడానికే ఆరేళ్లు పట్టే చోట, గురువు నాలుగేళ్లకే వెళ్లిపోతే ఏం లాభం? సంస్కృతి శాఖ కింద నడిచే సంగీత కళాశాలలకు ఈ విశ్వవిద్యాలయ నిబంధనలు నేరుగా వర్తించకపోవచ్చు. అలాంటి వెసులుబాటునే తమ సర్వీసు రూల్సులో చేర్చుకోవద్దని ప్రభుత్వాలకు ఎవరైనా చెప్పారా?

పాడుకునేది మన భాష. త్యాగయ్య తిరువయ్యారులో కూర్చుని రాసింది తెలుగులో. ఆ కృతులను వేదిక మీద పాడి బతకాలనుకునే తెలుగు పిల్ల మాత్రం డిసెంబరు కచేరీల సీజన్‌కు చెన్నై రైలెక్కాల్సిందే. అక్కడ 1949లో ప్రభుత్వ కర్ణాటక సంగీత కళాశాల పెట్టినప్పుడు ప్రిన్సిపాల్‌గా తెచ్చుకున్నది కచేరీల్లో వెలిగిన ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్‌ను. 2010లో మ్యూజిక్ అకాడమీ ప్రత్యేకంగా ఉన్నత శిక్షణ పాఠశాల తెరిచి, అప్పటికే పాట వచ్చిన పిల్లలకు పేరున్న విద్వాంసులతో మెరుగులు దిద్దిస్తోంది. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి జరుగుతున్న త్యాగరాజ ఆరాధనకు ప్రవాసుల పిల్లలు ఏడాదంతా ఆన్‌లైన్‌లో సాధన చేసి వెళ్తున్నారు. ఇక్కడేమో టీవీ పాటల పోటీకి వెళ్లిన పదేళ్ల పిల్లకు దొరికే మైకు అనుభవం, వాద్యబృందంతో రిహార్సల్, మొహం మీదే తప్పు చెప్పే పెద్దలు మన డిప్లొమా విద్యార్థికి దొరకడం లేదు.

సినిమా పాట మీద మాకు చిన్నచూపు లేదు. ఇల్లిల్లూ తిరిగి మధూకరం ఎత్తుకుని తింటూ విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర చదువుకున్న ఘంటసాల గారు, అదే కళాశాలలో నేర్చుకున్న పి.సుశీల గారు సినిమాకు వెళ్లి తెలుగువాళ్లకు ఏమిచ్చారో వేరే చెప్పాలా? ఆ చదువులో గట్టిదనం ఉంది కాబట్టే వాళ్లు ఏ మైకు ముందైనా నిలబడగలిగారు.

వేదికలకు కొదవ లేదు. తిరుమలలో నాద నీరాజనం ఉంది. ఆకాశవాణి కేంద్రాలున్నాయి. పుష్య బహుళ పంచమికి చిన్న పట్టణంలో కూడా త్యాగరాజ ఆరాధన జరుగుతుంది. పీఠాలు, గుళ్లు, నవరాత్రి పందిళ్లు ఉన్నాయి. డిప్లొమా విద్యార్థి ఏడాదికి కనీసం నాలుగుసార్లు పక్కవాద్యాలతో బయట గంటసేపు కచేరీ చేయాలని, అందులో వచ్చిన మార్కులే చివరి పరీక్షలో సగం కావాలని ఒక్క ఉత్తర్వు చాలు. నిర్వాహకులతో మాట్లాడి పిల్లల్ని తీసుకెళ్లడం, కచేరీ అయ్యాక మర్నాడు కూర్చోబెట్టి ఎక్కడ జారారో చెప్పడం ఆ కొత్త అధిపతి పని.

ఆ మనిషిని ఎంచుకునే రోజున మాత్రం సర్టిఫికెట్ల ఫైలు చివరికి ఉంచాలి. ముందు అభ్యర్థిని పక్కవాద్యాలతో గంటసేపు పాడనివ్వాలి, లేదా వాయించనివ్వాలి. తర్వాత ఎప్పుడూ చూడని ఒక డిప్లొమా విద్యార్థిని ఎదురుగా కూర్చోబెట్టి అరగంట పాఠం చెప్పమనాలి. ఇదంతా మూసిన గదిలో కాకుండా కళాశాల హాల్లోనే జరగాలి. విద్యార్థులనూ, ఊళ్లో సంగీతం తెలిసినవాళ్లనూ లోపలికి రానివ్వాలి.