"నెల్లూరులో మూడు కోట్లేనా?" అనే ఫార్వర్డ్ మెసేజ్‌కు లెక్కలతో జవాబు

పెద్ద సినిమా ఏది విడుదలైనా మూడో రోజుకల్లా మన వాట్సాప్ గ్రూపుల్లోకి ఒక మెసేజ్ వచ్చి పడుతుంది. సినిమా పేరు, హీరో పేరు మారతాయి, మిగతాదంతా అదే. "వంద కోట్ల పోస్టర్ పడింది, నిర్మాత పంట పండింది. సీడెడ్‌లో పదిహేను కోట్ల షేర్, మన నెల్లూరులో మూడే కోట్లు. నెల్లూరోళ్లు తిప్పికొట్టారు. రెండో రోజే సగానికి పడింది, ఇక పనైపోయినట్టే. బుక్‌మైషోలో సీట్లన్నీ ఖాళీ. పెంచిన టికెట్ డబ్బులన్నీ హీరో జేబులోకే." తమ హీరో సినిమా అయితే మొదటి వాక్యం, అవతలి హీరో సినిమా అయితే మిగిలినవి. అంకెలు నిజమే అనుకున్నా, వాటి నుంచి లాగిన మాటలు మాత్రం నిలబడవు. ఒక్కోటీ చూద్దాం.

మూడు కోట్ల మాటతో మొదలుపెడదాం, ఎందుకంటే ఇందులో మన ఊరి పరువు కూడా ఉంది. షేర్ అంటే టికెట్ డబ్బులో పన్ను, థియేటర్ వాటా పోగా డిస్ట్రిబ్యూటర్‌కు మిగిలేది. తెలుగు సినిమా వ్యాపారం జిల్లాల ప్రకారం కాదు, ఏరియాల ప్రకారం నడుస్తుంది: నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు. ఈ జాబితాలో నెల్లూరు అంటే పాత నెల్లూరు జిల్లా ఒక్కటే. సీడెడ్ అంటే కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు, నాలుగు పాత జిల్లాలు. 2011 జనాభా లెక్కల్లో నెల్లూరు జిల్లా జనం 29.6 లక్షలు. సీడెడ్ నాలుగు జిల్లాలు కలిపి దాదాపు 1 కోటి 52 లక్షలు. అంటే మనకు ఐదు రెట్లు. మెసేజ్‌లోని అంకెలనే తీసుకుని భాగించండి. నెల్లూరులో లక్ష మందికి సుమారు 10.1 లక్షల షేర్, సీడెడ్‌లో సుమారు 9.9 లక్షలు. తలకింత అని చూస్తే నెల్లూరే కాస్త ముందుంది. ఐదో వంతు జనం ఉన్నచోట ఐదో వంతు డబ్బు వస్తే దాన్ని తిప్పికొట్టడం అంటారా?

ఒంగోలు వాళ్ల సంగతి ఇంకా అన్యాయం. ప్రకాశం జిల్లాకు వ్యాపారంలో విడిగా ఏరియా లేదు. ఒంగోలు కలెక్షన్ గుంటూరు ఏరియా లెక్కలో కలుస్తుంది. ఒంగోలులో సినిమా బ్రహ్మాండంగా ఆడినా ఆ పేరు గుంటూరు ఖాతాలోకి పోతుంది. అందుకే "గుంటూరులో ఇంత, నెల్లూరులో అంతే" అని పోల్చేవాళ్లు ఒకపక్క 82 లక్షల పైచిలుకు జనం ఉన్న రెండు జిల్లాలను, ఇంకోపక్క 30 లక్షలు కూడా లేని ఒక్క జిల్లాను పెడుతున్నారని గుర్తుంచుకోవాలి. పైగా 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్లింది, కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. కలెక్టరేట్ గీత మారినంత మాత్రాన సినిమా ఏరియా గీత మారదు. సూళ్లూరుపేటలో 2019లో తెరిచిన 656 సీట్ల పెద్ద తెర థియేటర్‌ను ఏ లెక్కలో కలిపారో చూడకుండా "ఇది నెల్లూరు జిల్లా కలెక్షన్" అని పోస్టు పెడితే, ఆ మాటే తప్పు.

జనం లెక్క కంటే ముఖ్యమైనది కొన్న రేటు. సినిమా ఆడిందా లేదా అన్నది వచ్చిన షేర్‌ను కొన్న ధరతో పోల్చి చెప్పాలి. ఉదాహరణకు సీడెడ్ హక్కులు 22 కోట్లకు, నెల్లూరు 4 కోట్లకు అమ్ముడయ్యాయనుకుందాం. 22కు 15 అంటే 68 శాతం రికవరీ. 4కు 3 అంటే 75 శాతం. పోస్టర్ చూసినవాడికి సీడెడ్ మొనగాడు, నెల్లూరు దండగ. బయ్యర్, అంటే ఆ ఏరియా హక్కులు కొన్న డిస్ట్రిబ్యూటర్, పుస్తకంలో చూస్తే నెల్లూరే మెరుగు, అయినా ఇద్దరూ ఇంకా గట్టెక్కలేదు.

ఎలా కొన్నాడన్నది కూడా అడగాలి, అబ్బయా. ఎన్ఆర్ఏ మీద కొంటే, అంటే తిరిగిరాని అడ్వాన్సు ఇచ్చి కొంటే, నష్టం బయ్యర్‌దే. ఆ మొత్తం, ఖర్చులు, కమిషన్ దాటి పైన వస్తే ఆ ఓవర్‌ఫ్లోలో నిర్మాతకూ వాటా ఉంటుంది. మామూలు అడ్వాన్సు మీద తీసుకుంటే రాని సొమ్ము నిర్మాత తిరిగివ్వాలి. కమిషన్ మీద విడుదల చేస్తే బయ్యర్ రిస్కు దాదాపు లేనట్టే. అదే మూడు కోట్ల షేర్‌కు ఒకచోట బయ్యర్ మునుగుతాడు, ఒకచోట నిర్మాత మునుగుతాడు, ఇంకోచోట ఎవరూ మునగరు. ఈ ఒక్క సంగతి తెలియకుండా "బయ్యర్లు రోడ్డున పడ్డారు" అని రాసేవాళ్ల మాట నమ్మకండి.

ఇక వంద కోట్ల పోస్టర్. పోస్టర్ మీద పడేది గ్రాస్, అంటే ప్రేక్షకుడు టికెట్‌కు కట్టిన మొత్తం. అందులో మొదట జీఎస్టీ పోతుంది. 100 రూపాయలు దాటిన టికెట్ మీద 18 శాతం. 100 లోపు టికెట్ మీద 12 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతం అయింది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది: వంద కోట్లలోంచి 18 తీసేసి 82 అంటారు. పన్ను టికెట్ ధర మీద పైన కలుపుతారు కాబట్టి 100ను 1.18తో భాగించాలి. టికెట్లన్నీ 100 పైవే అయితే నెట్ 84.75 కోట్లు, పన్ను 15.25 కోట్లు. మన మల్టీప్లెక్స్‌లో 177 రూపాయల టికెట్ చూసే ఉంటారు, అది 150 మీద 27 రూపాయల పన్ను. యాప్ వాడు తీసుకునే కన్వీనియెన్స్ ఫీజు మాత్రం ఈ గ్రాస్‌లోకి రాదు. మీ ఫోన్‌లో కట్ అయిన మొత్తం చూసి లెక్క వేస్తే ఎక్కువ వస్తుంది.

నెట్‌లోంచి థియేటర్ వాటా పోవాలి. మల్టీప్లెక్స్‌లో పర్సంటేజ్: మొదటి వారం సగం సగం దగ్గర మొదలై, వారం గడిచేకొద్దీ డిస్ట్రిబ్యూటర్ వాటా తగ్గుతుంది. సింగిల్ స్క్రీన్లలో ఎక్కువగా వారం అద్దె పద్ధతి: వారానికి ఇంత అని డిస్ట్రిబ్యూటర్ థియేటర్‌కు కడతాడు. దీన్ని మార్చి తమకూ పర్సంటేజ్ ఇవ్వాలనే 2025 మే నెలలో ఎగ్జిబిటర్లు, అంటే థియేటర్ల వాళ్లు, జూన్ 1 నుంచి థియేటర్లు మూసేస్తామన్నారు. అద్దె పద్ధతి షేర్‌ను ఎలా తినేస్తుందో చూడండి. కావలిలోనో గూడూరులోనో ఒక థియేటర్ వారం అద్దె 4 లక్షలు అనుకుందాం. మొదటి వారం గ్రాస్ 12 లక్షలు. టికెట్లన్నీ 18 శాతంలోవే అయితే నెట్ 10.17 లక్షలు, అద్దె పోగా షేర్ 6.17 లక్షలు. రెండో వారం గ్రాస్ 5 లక్షలకు పడింది. నెట్ 4.24 లక్షలు, అద్దె పోగా మిగిలింది 24 వేలు. మూడో వారం 4.5 లక్షలే వస్తే నెట్ 3.81 లక్షలు, అంటే అద్దెకే 19 వేలు చేతి నుంచి వేయాలి. దీన్నే డెఫిసిట్ అంటారు, ట్రేడ్ లెక్కల్లో నెగెటివ్ షేర్ అని రాస్తారు. రెండో వారంలో గ్రాస్ పడింది 58 శాతమే, షేర్ పడింది 96 శాతం. హాల్లో జనం కనిపిస్తున్నా డిస్ట్రిబ్యూటర్ సినిమా ఎత్తేసేది ఇందుకే. "బాగా ఆడుతున్న సినిమాను కావాలని తొక్కేశారు" అనే అభిమానులు ముందు ఆ థియేటర్ అద్దె ఎంతో అడగాలి. డిజిటల్ ప్రొజెక్షన్ కంపెనీకి కట్టే ప్రింట్ ఫీజు, పబ్లిసిటీ ఖర్చు ఈ లెక్కలో వేయలేదు. అవి కూడా వేస్తే ఇంకా తగ్గుతుంది.

కాబట్టి వంద కోట్ల గ్రాస్‌లో బయ్యర్ల చేతికి వచ్చే షేర్ దాదాపు సగం. అదీ పెట్టిన పెట్టుబడికి జమ అయ్యేదే, లాభం కాదు. నిర్మాత పంట పండేది అమ్మినప్పుడే, ఓటీటీ, శాటిలైట్, ఆడియో హక్కులతో కలిపి. పోస్టర్ పడ్డ రోజున కాదు.

"రెండో రోజే సగానికి పడింది" అనే మాటకు ఎక్కువ కారణం హైర్స్. చిన్న సెంటర్లలో కొన్ని థియేటర్లు సినిమాను ఫిక్స్‌డ్ హైర్ మీద తీసుకుంటాయి: ఇన్ని ఆటలకు ఇంత అని డిస్ట్రిబ్యూటర్‌కు ముందే కట్టేస్తారు, ఆ తర్వాత లాభమైనా నష్టమైనా థియేటర్‌దే. ట్రేడ్ లెక్కలు వేసేవాళ్లు ఆ హైర్ మొత్తాన్ని మొదటి రోజు షేర్‌లోనే కలిపేస్తారు. "హైర్స్‌తో కలిపి" అని పక్కన చిన్నగా రాస్తారు, ఫార్వర్డ్ అయ్యేటప్పటికి ఆ ముక్క ఊడిపోతుంది. పైగా ముందురోజు రాత్రి ప్రీమియర్లు, బెనిఫిట్ షో డబ్బు కూడా మొదటి రోజులోకే వస్తుంది. 2025 సెప్టెంబర్ 25న వచ్చిన ఓజీకి ప్రభుత్వం అనుమతించిన బెనిఫిట్ షో టికెట్ వెయ్యి రూపాయలు. అలాంటి ఆటలు కలిసిన రోజు పక్కన మామూలు నాలుగైదు ఆటల రోజును పెడితే పడిపోయినట్టు కాక ఇంకెలా కనిపిస్తుంది? నిజం తెలుసుకోవాలంటే హైర్స్, ప్రీమియర్లు తీసేసి చూడండి. తర్వాత మొదటి సోమవారం మ్యాట్నీని మొదటి శుక్రవారం మ్యాట్నీతో పోల్చండి, అదే థియేటర్, అదే క్లాసు, అదే టికెట్ రేటు. పండగ సెలవుల్లో వచ్చిన సినిమా అయితే సెలవులు అయిపోయిన మొదటి పని రోజు వరకు ఆగండి. పొదిలి, కనిగిరి, ఆత్మకూరు లాంటి చోట్ల మ్యాట్నీ కంటే ఫస్ట్ షో చూడటం మంచిది, పనులు ముగించుకుని జనం వచ్చేది అప్పుడే.

బుక్‌మైషో స్క్రీన్‌షాట్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అందులో కనపడేది ఆ యాప్‌లో పెట్టిన సీట్లే. కౌంటర్‌కు ఉంచిన సీట్లు, అభిమాన సంఘాలకు ముందే ఇచ్చిన సీట్లు, డిస్ట్రిక్ట్ లాంటి వేరే యాప్‌లో అమ్మిన సీట్లు వేర్వేరు. బూడిదరంగు సీటు అమ్ముడైందో, ఆపి ఉంచారో బయటి నుంచి తెలియదు. చూసే తీరాలంటే ఆట మొదలయ్యే ముందు చూడండి. ఉదయం పదింటికి సెకండ్ షో మ్యాప్ తీసి ఖాళీ అనడం అన్యాయం.

టికెట్ రేటు పెంపు మీద కోపం న్యాయమైనదే. ఇంట్లో నలుగురితో వెళ్లేవాడికి అది భారమే, అందులో వాదన లేదు. కానీ ఆ డబ్బు ఎక్కడికి పోతుందో సరిగ్గా చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో రేట్లకు ఆధారం 2022 మార్చి 7 నాటి జీవో 13. పెద్ద సినిమాలకు దానిపైన కొద్దిరోజుల పెంపుకు విడిగా అనుమతి ఇస్తారు. ఓజీకి అక్టోబర్ 4 వరకు సింగిల్ స్క్రీన్‌లో 125, మల్టీప్లెక్స్‌లో 150 రూపాయల పెంపు ఇచ్చారు. ఇప్పుడు 70 రూపాయల టికెట్ తీసుకోండి. 5 శాతం పన్నుతో అది 73.50. దానిపైన పన్నుతో కలిపి 75 పెంచితే 148.50. అసలు ధర 100 దాటింది కాబట్టి టికెట్ మొత్తం 18 శాతంలోకి పోతుంది: అసలు 125.85, పన్ను 22.65. పన్ను 3.50 నుంచి 22.65కు పెరిగింది. పెంచిన 75లో 19.15 ప్రభుత్వానిది, మిగిలేది 55.85. అద్దె థియేటర్ అయితే ఆ మిగిలింది డిస్ట్రిబ్యూటర్‌కు, పర్సంటేజ్ అయితే అందులో సగం దాకా థియేటర్‌కు. హీరో పారితోషికం విడుదలకు ముందే మాట్లాడుకున్నది. లాభంలో వాటానో, ఏదో ఒక ఏరియా హక్కులనో పారితోషికం కింద రాయించుకున్న హీరో ఉంటే అతని వరకు ఆ మాట వర్తిస్తుంది. మిగతావాళ్లకు పెంచిన రేటులో రూపాయి కూడా నేరుగా రాదు. పెంపు మీద అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: 73 రూపాయల నేల టికెట్‌ను రెట్టింపు చేస్తే, ఆ క్లాసులో మళ్లీ మళ్లీ చూసేవాడు రెండోసారి వస్తాడా? మన దగ్గర సినిమాను మూడో వారం దాకా నిలబెట్టేది వాళ్లే.

సంక్రాంతి దగ్గరపడితే ఈ మెసేజ్‌కు "మొదటి రోజు ఎవరికి ఎక్కువో వాళ్లే విన్నర్" అని ఒక తోక చేరుతుంది. 2025 సంక్రాంతికి జనవరి 10న గేమ్ ఛేంజర్, 12న డాకు మహారాజ్, 14న సంక్రాంతికి వస్తున్నాం వచ్చాయి. తెలుగు రాష్ట్రాల్లో ఆ సీజన్‌లో అందరికంటే ఎక్కువ ఆడింది చివర వచ్చినదే. 2024 జనవరి 12న గుంటూరు కారం, హనుమాన్ ఒకే రోజు వచ్చినప్పుడు హనుమాన్‌కు థియేటర్లు చాలా తక్కువ. మొదటి రోజు అంకె పక్కపక్కన పెడితే అది థియేటర్ల సంఖ్యను చెబుతుందే తప్ప సినిమాను చెప్పదు. పోల్చాలనుకుంటే ఒక్కో ఆటకు ఎన్ని టికెట్లు తెగాయో చూడండి. మొదటి రోజు ఎన్ని ఆటలు పడ్డాయో, రెండో వారానికి ఎన్ని థియేటర్లు చేరాయో లేక తీసేశారో కూడా రాసుకోండి. నెల్లూరులో రెండు తెరల్లో మొదలైన సినిమాకు పదో రోజున ఐదో తెర ఇచ్చారంటే, దాని అసలు కలెక్షన్ అప్పటి నుంచే మొదలవుతుంది.