బోటు నడిమి సీటు జోలికి పోకండి

మొన్న ఆదివారం తెలిసినాయన ఒకరు ఫోన్ చేశారు. 12 అడుగుల అల్యూమినియం బోటు కొన్నారట. నడిమి సీటు అడ్డంగా ఉందట, కోయించి పైన డెక్, అంటే నిలబడి గాలం వేసే చదును అరుగు, వేయిస్తారట. బాలానగర్‌లో ఆర్గాన్ వెల్డింగ్ బాగా చేసేవాళ్లు తెలుసా అని అడిగారు. తెలుసు. చెప్పలేదు. ఫోన్లో అరిస్తే బాగోదని ఇక్కడ రాస్తున్నా.

రెండేళ్ల కిందట నేనూ ఇదే పని చేశా. మేం గాలం వేసేది వాడపల్లి దగ్గర కృష్ణలో. మన మూసీ ఊరి మురికంతా మోసుకుపోయి కృష్ణలో కలిసేది అక్కడే. (మేం సంగమానికి పైనే వేస్తాం, కంగారు పడకండి.) యూట్యూబ్‌లో అమెరికా వాళ్ల బోట్లు చూసి మనసు పారేసుకున్నా. వాళ్లవి 16, 18 అడుగులవి. వెడల్పూ ఎక్కువే. వీడియోలో అవేవీ తెలియవు, డెక్ మీద దర్జాగా నిలబడ్డ మనిషే కనిపిస్తాడు.

చిన్న బోటులో సీటంటే కూర్చోడానికే అనుకున్నాను. కాదు. పల్చటి రేకు గోడలు రెండూ విచ్చుకోకుండా పట్టి ఉంచే అడ్డదూలం అదే. దాని లోపల నింపిన ఫోమ్ వల్లే బోటు నీళ్లతో నిండినా తేలుతుంది. మేం సీటు కోయించి, ఫోమ్ పీకి, బదులుగా థర్మకోల్ ముక్కలు కుక్కాం. ఓరోజు కాస్త పెట్రోల్ ఒలికింది. థర్మకోల్ కరిగి జిగురైపోయింది.

ఇక డెక్. 19 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై (తడికి తట్టుకునే ప్లైవుడ్) పెద్ద షీటు ఒకటి దాదాపు 40 కిలోలు, మాకు ఒకటిన్నర పట్టింది. బ్యాటరీ 30 కిలోలు. పట్టిన చేపలు బతికుండాలని 50 లీటర్ల తొట్టి, అదింకో 50 కిలోలు. ఖాళీ బోటే 60 కిలోలుంటే, దానిమీద 140 ఎక్కించాం. అదీ అడుగు ఎత్తున. మొదటిరోజే మా బావమరిది నిలబడి గాలం విసరబోయాడు.

"బావా, ఊగుతోంది!"

"కూర్చోరా."

"ఎక్కడ కూర్చోను? సీటు నువ్వే కోయించావుగా!"

వానాకాలం పోయాక ప్లై ఎత్తి చూస్తే కింద రేకు మీద తెల్లటి పొడి, సూదిమొన చిల్లులు. పురుగు పట్టకుండా ప్లైకి రాగి లవణాలు ఎక్కిస్తారు. తడిలో రాగి, అల్యూమినియం ఆనుకుని ఉంటే అరిగిపోయేది అల్యూమినియమే. పైన కార్పెట్ కూడా వేశాను, తడి ఆరకుండా. షాపతనేమో "మెరైన్ అంటేనే బోటుకు సార్" అన్నాడు.

మరి ఏం చేయించాలి? తక్కువ. అడుగున పల్చటి అల్యూమినియం చెక్కర్డ్ షీటు (కాలు జారకుండా ఉబ్బెత్తు గీతలుండే రేకు), దానిమీద ఎప్పుడంటే అప్పుడు తీసేసే రబ్బరు మ్యాట్. ఈ మ్యాట్ విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. కొర్రమీను గట్టువార నాచులో, పల్చటి నీళ్లలో ఉంటుంది, రేకు మీద డబ్బా పడ్డ చప్పుడుకే మాయమవుతుంది. వెనక మోటారు, మనిషి ఉంటారు కాబట్టి బ్యాటరీ ముందుకు జరపండి, దాని పక్కనే ఫ్యూజ్ పెట్టండి. కార్లోలాగా నెగటివ్‌ను బాడీకి తగిలించొద్దు, కరెంటు లీకై రేకును తినేస్తుంది. రెండు తీగలూ బ్యాటరీ దాకా రావాల్సిందే. స్టెయిన్‌లెస్ స్క్రూ కింద నైలాన్ వాషర్ వేయించండి. నీటిమట్టానికి కింద కొత్త చిల్లు ఒక్కటీ వద్దు. లైఫ్ జాకెట్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలా?

అప్పటికీ కోయిస్తానంటే మీ ఇష్టం. కోసిన ముక్కను మాత్రం పాత సామానువాడికి వేయకండి. నేను వేశా. మళ్లీ కొలతలు తీసి కొత్త సీటు పెట్టించేసరికి కోతకైనదానికి నాలుగింతలైంది.