పెన్‌జాయిల్ సరే, ఆ రైఫిల్ కేసేదీ?

హ్యూస్టన్ లాయర్ జో జమైల్ మీద వ్యాసం బాగుంది కానీ, సగానికి పైగా 1985 నాటి పెన్‌జాయిల్-టెక్సకో కేసే ఆక్రమించేసింది. 1,053 కోట్ల డాలర్ల తీర్పు మరి, కళ్లు చెదరవూ! కానీ అది రెండు చమురు కంపెనీల కొట్లాట. ఆయన అసలు పని గాయపడ్డవాళ్ల తరఫున వాదించడం. రెమింగ్టన్ మోహాక్ 600 రైఫిల్ కేసు గురించి ఒక్క ముక్కైనా రాయాల్సింది. అందులో తూటాలు తీయాలంటే సేఫ్టీ (పేలకుండా ఆపే మీట) తప్పించాలి. తప్పించగానే పేలింది, తగిలినాయనకి శరీరం చచ్చుబడిపోయింది. 1978లో 68 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది, కంపెనీ ఆ రైఫిళ్లను వెనక్కి పిలిపించింది. అన్నట్టు, లా చదివేటప్పుడు జమైల్ తప్పిన సబ్జెక్టు టార్ట్సే, అంటే ఇలా ఒకరి తప్పు వల్ల నష్టపోయినవాళ్లకి పరిహారం ఇప్పించే చట్టమే!

జమైల్ లాంటి లాయర్లు అక్కడ తీసుకునే, గెలిస్తేనే వాటా అనే ఫీజు పద్ధతిని మన బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు. యాక్సిడెంట్ క్లెయిముల్లో లోపాయికారీగా నడిచే పర్సెంటేజీల సంగతీ ఎవరైనా రాయండి.