మోరిస్ మైనర్‌కు మారుతి ఫ్యాను

మా మావయ్య విజయనగరంలో నాలుగు తరాలకు భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. ఆయన ఆస్తిలో ముఖ్యమైనది 1957 నాటి మోరిస్ మైనర్ కారు. దానికి 948 సీసీ ఇంజనూ, మలుపు వచ్చినప్పుడు పక్కస్తంభంలోంచి పైకి లేచే ఇండికేటర్లూ ఉన్నాయి. ఇంగ్లండు చలిని దృష్టిలో పెట్టుకుని తయారైన ఆ వాహనం మే నెలలో మూడు లాంతర్ల కూడలి దగ్గర రద్దీలో ఇరుక్కుంటే, పది నిమిషాల్లో రేడియేటర్ నీళ్లను తెర్ల కాచి, మూత సందుల్లోంచి ఆవిరి చిమ్ముతూ చుట్టుపక్కల ఆటోవాళ్లకు ఉచిత వినోదం కలిగించేది.

తప్పంతా ఇంజను ముందున్న రెక్కలదేనని మావయ్య ఏనాడో తేల్చారు. ఆ రెక్కలను తిప్పేది ఫ్యాను బెల్టు గనుక ఇంజను ఎంత వేగంగా తిరిగితే అవీ అంతే తిరుగుతాయి. బండి ఆగి ఉన్నప్పుడు, అంటే గాలి అవసరం అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నప్పుడు, బద్ధకంగా కదులుతాయి. హైవే మీద ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తున్నప్పుడు మాత్రం ఇంజను శక్తిలో కొంత తినేసి మరీ హడావిడి చేస్తాయి. పని ఉన్నప్పుడు కునుకు తీసి, ఇన్‌స్పెక్షన్ నాడు మాత్రం వరండాలో పరుగులు తీసిన ఒక హెడ్మాస్టరు ఆ రెక్కలను చూసినప్పుడల్లా తనకు గుర్తుకొస్తాడని మావయ్య అనేవారు.

అందువల్ల రేడియేటర్‌కు అదనపు గొట్టాల వరసతో కొత్త కోర్ వేయించి, వెనకవైపున పాత మారుతి 800 నుంచి తీసిన కరెంటు ఫ్యానును బిగించి, నీరు 90 డిగ్రీలు దాటగానే దానంతటదే తిరిగేలా థర్మో స్విచ్ పెట్టించాలని ఆయన నిశ్చయించారు. ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. మారుతి 800లో ఇంజను అడ్డంగా ఉంటుంది, రేడియేటర్ ముందుంటుంది. బెల్టుతో నేరుగా రెక్కలు తిప్పే వీలు లేదు గనుకనే దానికి కరెంటు ఫ్యాను వచ్చింది. అలా ఇంజనును అడ్డంగా పెట్టే పద్ధతికి 1959లో మినీ కారుతో ప్రపంచవ్యాప్తంగా పేరు తెచ్చినవాడు అలెక్ ఇసిగోనిస్. మోరిస్ మైనర్‌ను రూపొందించినదీ ఆయనే. కనుక పెద్దకొడుకు ఇంటికి మనవడి దగ్గరనుంచి ఫ్యాను వస్తోందని మావయ్య సంబరపడ్డారు.

పని అప్పగించిన ఆటో ఎలక్ట్రీషియన్ చాలా శ్రద్ధగలవాడు. మందపాటి వైర్లు వేశాడు, రిలే పెట్టాడు, ఫ్యూజు మరిచిపోలేదు. ఊళ్లో ఏ బండికైనా తాను చేసే పద్ధతిలోనే ఫ్యాను ఎర్ర తీగను కరెంటుకూ, నల్ల తీగను బాడీకీ కలిపాడు. స్విచ్ పడగానే ఫ్యాను వీధి చివరకు వినిపించేలా గర్జించింది. పాత రెక్కలు అటక ఎక్కాయి.

మొదటి ప్రయాణం అరసవల్లికని, అదీ ఆదివారం నాడేనని అత్తయ్య ముందే నిర్ణయించారు. బయలుదేరే ముందు పైడితల్లి అమ్మవారి చదురుగుడి దగ్గర వాహన పూజ. ఇంజను ఆపితే మళ్లీ అంటుకుంటుందో లేదోనన్న అనుమానంతో మావయ్య దాన్ని నడుస్తూనే ఉంచారు. పంతులుగారు కర్పూరం వెలిగించి కారు ముందుకు వచ్చేసరికి ఫ్యాను అందుకుంది, హారతి ఆరిపోయింది. మళ్లీ వెలిగించారు, మళ్లీ ఆరింది. చివరకు ఆయన అనుభవజ్ఞుడు కనుక వెనక్కి వెళ్లి డిక్కీకి హారతి ఇచ్చి, దేవుడు అన్ని దిక్కులా ఉంటాడని చెప్పి దక్షిణ తీసుకున్నారు. "చూశావా గాలి ఎంత బలంగా ఉందో!" అని మావయ్య నా భుజం తట్టారు. అత్తయ్య ఏదో అనబోయారు గానీ, గుడి దగ్గర యంత్రాల మాట వద్దని ఆయన వారించారు.

డెంకాడ దాకా "ఆరోగ్యం భాస్కరాదిచ్ఛేత్" అన్న శ్లోకపాదానికి వ్యాఖ్యానం సాగింది. నాతవలస దగ్గర జాతీయ రహదారి ఎక్కి వేగం 40 కిలోమీటర్లు దాటించగానే, కొత్తగా పెట్టించిన ఉష్ణోగ్రత మీటరులో ముల్లు లేచి కూర్చుంది. పూసపాటిరేగ దగ్గరకు వచ్చేసరికి అది ఎర్రగీత మీద ఉంది. వెనక సీట్లో నీళ్ల డబ్బాలకూ పులిహోర గిన్నెకూ మధ్య ఇరుక్కున్న నాకు బానెట్ కింద కుతకుత శబ్దం స్పష్టంగా వినిపించింది. కారు ఆపారు. ఇంజను నడుస్తుండగానే ముల్లు నెమ్మదిగా కిందికి దిగింది. బయలుదేరితే మళ్లీ ఎక్కింది. ఆపితే మళ్లీ దిగింది.

ఆగినప్పుడు మరిగి, కదిలితే చల్లబడడం పాత కార్ల ధర్మం. కదిలితే మరిగి, ఆగితే చల్లబడే కారును మావయ్య ఏ పాఠ్యపుస్తకంలోనూ చూడలేదు. రోడ్డు పక్కన జనం పోగయ్యారు. ఒక లారీ డ్రైవరు థర్మోస్టాట్ పీకి పారెయ్యమన్నాడు. కొబ్బరిబొండాల వ్యాపారి హెడ్ గాస్కెట్ పోయిందని, తన బావమరిది జీపుకూ ఇలాగే అయిందని ధైర్యం చెప్పాడు. అన్నీ సావధానంగా విన్న ఒక ట్రాక్టరు రైతు మాత్రం, "ఆగితే సల్లబడతాదంటన్నారు గదా, అలగైతే ఆపీసి ఎల్లిపోండి బాబూ" అని సలహా ఇచ్చాడు. ఆ రోజు విన్న సలహాలలో వాస్తవాలకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది అదేనని నా అభిప్రాయం.

రణస్థలం దగ్గర మళ్లీ బానెట్ ఎత్తారు. మగవాళ్లందరూ పక్కనుంచి ఇంజనులోకి తొంగిచూస్తూ ఉండగా, అత్తయ్య కారు ముందు నిలబడి చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ, "ఏవండీ, ఇక్కడ కాళ్లు కాలిపోతున్నాయి. గుళ్లోనూ ఇంతే కదా! మీ ఫ్యాను గాలి లోపలికి లాగుతుందన్నారు. మరి హారతి పంతులుగారి మీసాల వైపుకు ఎగిరిందేమిటి?" అన్నారు.

మావయ్య మాట్లాడలేదు. పులిహోర గిన్నెకు చుట్టిన దినపత్రిక చింపి గ్రిల్ మీద ఆనించారు. ఫ్యాను సవ్యంగా తిరిగితే ఆ కాగితం అక్కడే అతుక్కోవాలి. అది ఎగిరి రోడ్డు డివైడరు దాటి విశాఖపట్నం వైపు వెళ్లిపోయింది.

సంగతి ఏమిటంటే, ఇప్పటి బళ్లలో బ్యాటరీ మైనస్ బాడీకి కలిసి ఉంటుంది; ఆ కాలపు ఇంగ్లీషు కార్లలో ప్లస్ బాడీకి కలిసి ఉంటుంది. ఎలక్ట్రీషియన్ కరెంటుకని కలిపిన ఎర్ర తీగకు నిజానికి అందింది మైనస్. శాశ్వత అయస్కాంతం ఉన్న డీసీ మోటారుకు తీగలు తారుమారైతే అది ఆగదు, కాలదు. ఎంతో ఉత్సాహంగా వెనక్కి తిరుగుతుంది. నిలబడి ఉంటే ఆ ఎదురుగాలి కూడా రేడియేటర్‌ను కొంత చల్లబరుస్తుంది. బండి కదిలితే ముందునుంచి వచ్చే గాలీ, వెనకనుంచి వచ్చే గాలీ రేడియేటర్ మధ్యలో తోసుకుంటూ నిలబడిపోతాయి. ఈ పాఠాన్ని మావయ్య ముప్పై ఏళ్లు తొమ్మిదో తరగతికి చెప్పినవారే గనుక, ఆ మధ్యాహ్నం మాత్రం ఎవరికీ వివరించకుండా, స్క్రూడ్రైవరుతో రెండు తీగలనూ అటుదిటు మార్చారు. రెండో కాగితం గ్రిల్‌కు అతుక్కుపోయింది. ముల్లు మళ్లీ లేవలేదు.

అరసవల్లి గుడిలో ఏటా మార్చి, అక్టోబరు నెలల్లో కొద్దిరోజులు ఉదయకిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. మేము వెళ్లింది మే నెలలో కనుక కిరణాలన్నీ మా నెత్తిమీదనే ఉన్నాయి. దర్శనం బాగానే అయింది.

తిరుగు ప్రయాణంలో నాగావళి వంతెన దగ్గర చీకటి పడింది. వాహనాలు నెమ్మదించాయి, నీరు వేడెక్కింది, ఫ్యాను అందుకుంది, హెడ్‌లైట్లు పసుపుపచ్చగా మారి కళ్లు మూసుకున్నాయి. కారుకు కరెంటు పుట్టించే ఆ పాత డైనమో పూర్తి వేగంలోనే సుమారు 20 ఆంపియర్లు ఇస్తుంది. ఇంజను నెమ్మదిగా తిరుగుతుంటే దాదాపు ఏమీ ఇవ్వదు. చూపు కావాలో, చల్లదనం కావాలో తేల్చుకోవలసిన పరిస్థితిలో మేము ఒక ఆర్టీసీ బస్సు వెనకదీపాలను నమ్ముకుని ఇల్లు చేరాము.

డైనమో తీసేసి, ఇంజను నెమ్మదిగా తిరిగినా కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ పెట్టించాలని మర్నాడే నిర్ణయమైంది. మార్కెట్లో దొరికే ఆల్టర్నేటర్ పనిచెయ్యాలంటే మైనస్ బాడీకి ఉండాలి కనుక కారు మొత్తం ప్లస్, మైనస్ తిరగెయ్యాలి. అలా తిరగేస్తే ఫ్యాను మళ్లీ వెనక్కి తిరుగుతుంది కనుక దాని తీగలు కూడా మళ్లీ మార్చాలి. ఎలక్ట్రీషియన్ అంతా విని, రణస్థలంలో మావయ్య చుట్టిన టేపును గోటితో విప్పుతూ, "నాను ముందే కరెక్టుగా ఎట్టినాను గదండీ మాస్టారూ! మద్దెలో ఎవులు కెలికినారు?" అని అడిగాడు.