ఆదివారం కోడికూర: ఒక చట్టపరమైన పరిశీలన

బెంగళూరు మారతహళ్లిలో నేను అద్దెకు చూడబోయిన ఇంటి ఓనర్ మన తెలుగాయనే. తాళం తియ్యకముందే “బాబూ, ప్యూర్ వెజ్జే కదా?” అన్నారు. “వారానికి ఆరు రోజులు అంతేనండీ” అన్నాను. ఏడో రోజు దగ్గర బేరం తెగిపోయింది.

నేను బాధపడలేదు. చట్టం చదివాను.

మన రాజ్యాంగం ఆర్టికల్ 15(2) ప్రకారం కేవలం మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు చూసి ఎవరినీ దుకాణంలోకో, హోటల్లోకో, వినోదశాలలోకో రావద్దనకూడదు. జనం వాడుకునే బావులు, చెరువులు, స్నానఘట్టాలు కూడా మరిచిపోకుండా రాశారు. టులెట్ బోర్డు మాత్రం రాయలేదు. 1950 నాటి పెద్దలకు పది నెలల అడ్వాన్సు సంగతి తెలియదు, పాపం.

ఇంగ్లండు వాళ్లు నయం. వాళ్ల 2010 సమానత్వ చట్టంలో మతం పక్కనే ‘నమ్మకం’ కూడా ఉంది. అది చూసి కస్టమర్‌ని తిప్పి పంపితే తప్పే. పాలు, తేనె కూడా ముట్టని వీగన్ల పద్ధతి అలాంటి నమ్మకమేనని 2020లో అక్కడి ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్ ఒకటి తేల్చింది. అలాగని ప్రతి ఇష్టమూ లెక్కలోకి రాదు. మనస్ఫూర్తిగా నమ్మాలి, వట్టి అభిప్రాయం కాకూడదు, బతుకులో బరువైన విషయమై ఉండాలి, గౌరవించదగ్గదై ఉండాలి.

మా ఇంటి ఆదివారం కోడికూర ఈ పరీక్షలన్నీ ఫస్ట్ క్లాసులో పాసవుతుంది. మా నాన్న జ్వరంలో కూడా మానలేదు. బరువంటారా, కిలోన్నర. గౌరవానికి రుజువు, పొయ్యి మీంచి గిన్నె దించే వేళకు గుమ్మంలో దిగే చుట్టాలు. పైగా ఆ చట్టం నమ్మకం లేకపోవడాన్ని కూడా కాపాడుతుంది. అంటే శాకాహారం మీద నమ్మకం లేని నాకు రెండువైపులా రక్షణే!

ఇదంతా బ్రోకర్‌కి ఓపిగ్గా వివరించాను. “అయితే లండన్‌లోనే చూసుకోండి సార్” అన్నాడు.

చివరికి నేనే దిగొచ్చాను. ఇంటికి కావేరి నీళ్లున్నాయి మరి. బెంగళూరులో వాటి కోసం మనిషి ఏ నమ్మకాన్నయినా వదులుకుంటాడు. ఇకపై ఆదివారం కూడా పప్పేనని ఓనర్‌గారికి కబురు పంపాను.

సాయంత్రం బ్రోకర్ ఫోన్ చేశాడు. “ఓనర్ చాలా సంతోషించారు సార్. మీ ఇంటిపేరేంటో ఒకసారి కనుక్కోమన్నారు.”