తొందరపడి వైస్ కొనొద్దు

కడపలో ఈ మధ్య ఒక వర్గాన్ని జనం అన్యాయంగా ఎగతాళి చేస్తున్నారు. ఉద్యోగం నుంచి రిటైరై, ఇంటి వెనక రేకుల షెడ్డులో సొంతంగా వడ్రంగి బల్ల చేసుకుందామని మొదలుపెట్టి, దానికి చెక్క పలకను కదలకుండా దవడల మధ్య బిగించి పట్టే వైస్ ఏ రకం పెట్టాలో తేలక ఆగిపోయిన పెద్దమనుషుల సంగతి నేను చెప్పేది. వీళ్ళది చేతకానితనం కాదు, బాధ్యత. పిల్లకు సంబంధం వస్తే మూడు తరాలు ఆరా తీసేవాళ్ళం, పలకను జీవితాంతం పట్టి ఉంచాల్సిన ఇనుమును ఊరూ పేరూ అడక్కుండా ఇంటికి తెచ్చుకుంటామా?

మా వీధి చివర రిటైర్డ్ బ్యాంకు మేనేజరుగారినే తీసుకోండి. బల్లకు మూడంగుళాల మందం తుమ్మచెక్క సంపాదించారు. ఎర్రచందనమైతే రంగు బాగుంటుందని ఎవరో సలహా ఇచ్చారు గానీ, లంకమల అడవి పక్కన కాపురముంటూ ఆ పని చేస్తే, బల్ల పలకను పట్టుకునే లోపే ఫారెస్టోళ్ళు మనల్ని పట్టుకుంటారు. చిత్రిక పట్టేటప్పుడు బల్ల కదలకూడదు కాబట్టి కింది అరలో కడప బండలు పేర్చారు. ఇంకా బరువు కావాలంటే జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీ కోసం వేసిన శంకుస్థాపన రాళ్ళున్నాయి. 2007లో ఒకటి, 2018లో ఒకటి, 2019లో ఒకటి, 2023లో ఒకటి. సరిగ్గా కాలికొకటి. ఉక్కు వచ్చేదాకా వాటికి మాత్రం వేరే పనేముంది?

ఇక అసలు విషయం. హార్డ్‌వేర్ షాపులో వైస్ అడిగితే చేతికిచ్చేది ఫిట్టర్లు వాడే రకం. దాని దవడలకు పళ్ళుంటాయి. ఇనుమును కొరికి పట్టడానికి పుట్టింది కాబట్టి చెక్క దొరికితే గాట్లు పెట్టి వదులుతుంది. వడ్రంగి వైస్ వేరు. బల్ల అంచు కిందికి దిగి ఉంటుంది, దవడలు వెడల్పుగా, నున్నగా ఉంటాయి. కుడిచేతి వాటం వాళ్ళు దాన్ని ముందువైపు ఎడమ చివర బిగించుకుంటారు. ఇందులోనే మీట నొక్కగానే దవడ జర్రున జారే క్విక్ రిలీజ్ రకం ఉంది. మేనేజరుగారికి అది అస్సలు నచ్చలేదు. ‘ఇంత సులువుగా వదిలేసేది అప్పుల వసూలుకు పనికొస్తుందా?’ అన్నారు. నలభై ఏళ్ళ అనుభవం మాట్లాడుతున్నప్పుడు మనం నోరు మూసుకోవాలి.

పోనీ లెగ్ వైస్ అంటే, ఒకే పెద్ద మర (స్క్రూ), నేల దాకా దిగే చెక్క దవడ. పట్టు అమోఘం. కాకపోతే అడుగున చిల్లుల పట్టీ, దానికో సీల ఉంటాయి. పలక మందం మారినప్పుడల్లా వంగి ఆ సీలను ఇంకో చిల్లులోకి మార్చాలి. ఎవరికీ తల వంచమని మీసం తిప్పే సీమలో, సీలకు వంగమంటే ఎట్లా?

ఇంకో చిక్కుంది. మామూలు వైస్‌లో పలకను ఒక పక్కనే పట్టిస్తే దవడ వంకరపోతుంది. రెండో పక్క అంతే మందం ముక్క ఒకటి దోపాలి. కాబట్టి రకరకాల మందాల ముక్కలు కావాలి. వాటిని పెట్టుకోడానికి అర కావాలి. అర చెయ్యాలంటే బల్ల కావాలి. ఊరగాయ జాడీలకు అర కావాలని ఇంట్లో ఆమె అడుగుతూనే ఉన్నారు గానీ, వరసలో అది ఈ ముక్కల అర తర్వాతే.

ఇలా సాఫీగా సాగుతున్న చర్చను హోల్డ్‌ఫాస్ట్ వచ్చి పాడుచేసింది. దానికి మర లేదు, మీట లేదు. పైన వంగి, కొన చదునుగా సాగిన ముప్పావు అంగుళం కడ్డీ, అంతే. బల్లలో అంతకంటే వెంట్రుకవాసి పెద్ద చిల్లు వేసి, కడ్డీ దింపి, కొనను పలక మీద ఆనించి, నెత్తిన చెక్క సుత్తితో ఒక్కటిస్తే చిల్లులో ఏటవాలుగా ఒరుసుకుని బిగుస్తుంది. వెనక నుంచి ఒక్కటిస్తే వదులుతుంది. కర్నూలు వాళ్ళకు ఈ సూత్రం వివరించనక్కర్లేదు. 1953 అక్టోబరు 1న రాజధాని అక్కడ బిగిసింది, 1956 నవంబరు 1న వదిలింది.

పోత ఇనుముదైతే పెళుసు, విరగొచ్చు. అందుకని మేనేజరుగారు కొలిమికి వెళ్ళి, కడ్డీ మరీ నున్నగా ఉంటే జారుతుందా, గరుకు కాగితంతో రుద్దాలా, బల్ల రెండంగుళాలకు తగ్గితే పట్టు చాలదా అని ఆరా తీశారు. కమ్మరి తిత్తి ఆపి చూశాడు. ‘ఏం సార్, కడ్డీ వంచేదానికి ఇన్ని లెక్కలా? గడ్డపారకు గూడా ఎవురూ ఇన్ని అడగల్యా’ అన్నాడు. సాయంత్రానికి రెండు చేసి చేతిలో పెట్టాడు.

ఇది చాలా ప్రమాదకరమైన ధోరణి. ఒక చెక్కపట్టీకి చివర వి ఆకారంలో గాటు పెట్టి, పలక మూలకు ఆనించి, హోల్డ్‌ఫాస్ట్‌తో బిగిస్తే బల్ల చివర రెండో వైస్ అవసరమే ఉండదు. 18వ శతాబ్దంలో పారిస్ వడ్రంగి ఆంద్రే రూబో వర్ణించిన ఫ్రెంచి బల్లకూ చివర వైస్ లేదు. అంటే పని రేపే మొదలుపెట్టొచ్చు. ఇన్నాళ్ళ చర్చ ఏమైపోవాలి?

అదృష్టం బాగుండి, వైస్ దవడలకు లోపల తోలు అతికిస్తే పట్టు ఇంకా బాగుంటుందని ఎవరో ఆయన చెవిన వేశారు. మేకతోలా, ఎనుముతోలా అన్నది తేలాలి. ఆదివారం సాయంత్రం షెడ్డులో సమావేశం. వచ్చేవాళ్ళు ఎవరి కుర్చీ వాళ్ళు తెచ్చుకోవాలి. అక్కడ కూర్చోడానికి ఇంకా ఏదీ తయారు కాలేదు.