పదో తరగతి గైడు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ గైడు గారి దివ్యసముఖమునకు,

1956లో అమెరికాలో బెంజమిన్ బ్లూమ్ అనే విద్యావేత్త, ఆయన సహచరులు కలిసి ఆలోచనకు ఆరు మెట్లు కట్టారు. గుర్తుపెట్టుకోవడం అడుగున, మంచిచెడ్డలు తూచి చెప్పడం పైన. మన బీఈడీ వాళ్లు ఆ ఆరు పేర్లూ బట్టీపట్టే పాసవుతారు, అది వేరే సంగతి. తమరు మాత్రం ఆ మెట్లన్నీ కొట్టేసి, చదునుగా అరుగు చేసిపెట్టారు. జోహార్లు.

"మొక్కలే లేకపోతే ఏమవుతుందో ఊహించి రాయండి" అంటే ఊహ తమ దగ్గర ఐదు పాయింట్లలో రెడీ. "సొంత మాటల్లో రాయండి" అంటే ఆ సొంత మాటలూ తమవే. "మీ ఊరి చెరువును పరిశీలించి నివేదిక రాయండి" అంటే మావాడు తామరలు, కప్పలు, కొంగలు అన్నీ దించేశాడు. మా ఊరి చెరువు ప్లాట్లయిపోయి చాలా కాలమైంది. మార్కులు మాత్రం ఫుల్లుగా పడ్డాయి.

అన్నిటికన్నా నాకు నచ్చింది 'ప్రశ్నించడం'. సైన్సు పుస్తకంలో అదొక విద్యా ప్రమాణం. "శ్వాసక్రియ గురించి మీ టీచర్ని అడిగే రెండు ప్రశ్నలు రాయండి" అంటారు. పిల్లలకు రావాల్సిన సందేహాలు కూడా తమరే అచ్చేసి ఇచ్చారు! మావాడు రాత్రి కూర్చుని తన సందేహాలు తనే వల్లెవేసుకున్నాడు. మధ్యలో ఆగి, "రాత్రిపూట చెట్టు కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, కింద పడుకోవద్దంటారు కదా. మరి మనం ఐదుగురం ఒకే గదిలో పడుకుంటే ఏం కాదా?" అన్నాడు. తమ పేజీలన్నీ తిరగేశాం. ఆ సందేహం లేదు. ట్యూషన్ సారు "అది పరీక్షలో రాదులే" అని తేల్చేశారు.

ప్రశ్న వేశాక టీచర్లు ఒక్క సెకను కూడా సరిగ్గా ఆగడం లేదని, మూడు సెకన్లు ఆగితే పిల్లలు ఇంకా పెద్ద జవాబులు చెబుతారని మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970ల్లోనే తేల్చారు. తమరికి ఆ ఒక్క సెకనూ దండగే. ప్రశ్న కిందే జవాబు.

తప్పంతా తమదే అననులెండి. పేపరు దిద్దే చోట కీ ఉంటుంది, కీలో పాయింట్లుంటాయి. సొంతంగా ఊహించినవాడికి అక్కడా చోటు తక్కువే.

ఒక్కటే మనవి. వచ్చే ఎడిషన్‌లో "ఊహించండి" కింద నాలుగు గీతలు ఖాళీగా వదలండి. అచ్చుతప్పనుకుని వెనక్కి ఇచ్చేస్తారన్న భయముంటే, "ఇక్కడ జవాబు లేదు" అని వేయండి. దాన్నీ బట్టీపట్టి పరీక్షలో రాసొస్తారేమో, చూసుకోండి.

ఇట్లు,
తమరి బిల్లు కట్టే తండ్రి